మెషిన్ పిస్టల్ చేతిలో ఎందుకు నిలవదు?

మెషిన్ పిస్టల్ అంటే ట్రిగ్గర్ నొక్కి ఉంచితే వరసగా కాల్చే పిస్టల్. అది చేతిలో ఎందుకు నిలవదన్న ప్రశ్నలో రెండు సంగతులు కలిసిపోయాయి. గ్లాక్ 18ని ఆటోలో (ఆగకుండా కాల్చే పద్ధతిలో) పెట్టి, స్టాక్ (భుజానికి ఆనించే భాగం) లేకుండా, సినిమాల్లో చూపించినట్టు గురి మీద నిలబెట్టగలమా అన్నది ఒకటి. దాదాపు అంతే సైజున్న చెక్ స్కార్పియన్‌కి, సోవియట్ స్టెచ్‌కిన్‌కి మాట వినే ఆయుధాలన్న పేరు ఎలా వచ్చిందన్నది రెండోది. మొదటిదానికి జవాబు: బాగా సాధన ఉన్నవాడికి తొలి రెండు తూటాలు గురి మీద పడతాయి, మూడోది అదృష్టం, తర్వాతవన్నీ పైకి పోతాయి. రెండోదానికి జవాబు కొంచెం పొడుగు. అందులో కండబలం పాత్ర చాలా తక్కువ. తూటాకూ తూటాకూ మధ్య చేతికి ఎంత సమయం దొరుకుతుందన్నదే అసలు సంగతి.

ముందు ఒక తూటా ఎంత తంతుందో చూద్దాం. గ్లాక్ వాడే 9×19 (వ్యాసం, తొడుగు పొడవు మి.మీ.లలో) తూటాలో బుల్లెట్ సుమారు 8 గ్రాములు, పిస్టల్ గొట్టం నుంచి దాదాపు 360 మీ/సె వేగంతో వెళుతుంది. రెండూ గుణిస్తే 2.9 న్యూటన్-సెకన్లు, తన్నుకు కొలత అదే. దానికి తుపాకి మందు వాయువు వంతు కలపాలి. 0.4 గ్రాముల మందు సుమారు 1200 మీ/సె వేగంతో బయటికి చిమ్ముతుందనుకుంటే ఇంకో అర న్యూటన్-సెకను. వెరసి ఒక్కో తూటాకు 3.3 పైచిలుకు. స్టెచ్‌కిన్ వాడే 9×18 మకారోవ్‌లో బుల్లెట్ 6.1 గ్రాములు, వేగం 340. అంతా కలిపి 2.4 దగ్గర తేలుతుంది. స్కార్పియన్ 7.65 బ్రౌనింగ్‌లో బుల్లెట్ 4.6 గ్రాములు, వేగం సుమారు 320, మొత్తం 1.7 కూడా రాదు. అంటే స్కార్పియన్ ఒక్క తూటాకు తన్నేది గ్లాక్ తన్నులో సగమే.

దీన్ని సెకనుకు ఎన్ని తూటాలో దానితో గుణిస్తే చేతిమీద పడే సగటు తోపు వస్తుంది. గ్లాక్ 18 నిమిషానికి 1200 లెక్కన, అంటే సెకనుకు 20 తూటాలు కాలుస్తుంది: 66 న్యూటన్లు, దాదాపు ఆరున్నర కిలోల బరువు ఆగకుండా వెనక్కి నెడుతున్నట్టు. ఖాళీ పిస్టల్ తూకం 620 గ్రాములే. తోపు దాని సొంత బరువుకు పది రెట్లు దాటింది. స్టెచ్‌కిన్ 750 లెక్కన 30 న్యూటన్లు, తూకం కిలో పైన కొంచెం, అంటే మూడు రెట్లు. చెక్క హోల్‌స్టర్‌నే స్టాక్‌గా తగిలిస్తే తూకం 1.58 కిలోలై నిష్పత్తి రెండుకు దిగుతుంది. స్కార్పియన్ 850 లెక్కన 24 న్యూటన్లు, తూకం 1.3 కిలోలు, రెండు రెట్లకు లోపే. పోలికకు పూర్తి సైజు ఊజీ సబ్‌మెషిన్ గన్ (పిస్టల్ తూటానే ఆటోలో కాల్చే పెద్ద ఆయుధం) తీసుకోండి: 3.5 కిలోలు, నిమిషానికి 600. తోపు దాని బరువంతే ఉంటుంది. అందుకే కొత్తవాడి చేతిలో కూడా ఊజీ నిలుస్తుంది. కొత్త మోడల్ ఏదైనా బజారులోకి వస్తే, ప్రకటనలో ఏం రాసినా సరే, ఈ నిష్పత్తి కట్టి చూడండి. మూడు దాటితే స్టాక్ లేకుండా కాల్చే మాట మరచిపోవచ్చు.

ఈ సగటు కొంతే చెబుతుంది. తన్ను నిజానికి వరసగా దెబ్బల్లా వస్తుంది. పైగా గొట్టం మణికట్టు కన్నా నాలుగైదు సెంటీమీటర్లు ఎత్తున ఉంటుంది కాబట్టి ప్రతి దెబ్బా పిస్టల్‌ను వెనక్కి నెట్టడంతో పాటు మూతిని, అంటే గొట్టం ముందు కొసను, పైకి తిప్పుతుంది. మనిషి కన్నో చేయో మార్పును పసిగట్టి కండరం కదలడానికి మామూలుగా 150 నుంచి 200 మిల్లీసెకన్లు పడుతుంది. 1200 వేగంలో తూటాకూ తూటాకూ మధ్య ఉండేది 50 మిల్లీసెకన్లు. మూతి లేచిందని మెదడుకు తెలిసి చేయి అణిచేలోపు మూడు నాలుగు తూటాలు వెళ్లిపోయి ఉంటాయి. 17 తూటాల మ్యాగజైన్ 0.8 సెకన్లలో ఖాళీ. ఒక్కో తూటాకు మూతి రెండు డిగ్రీలు లేచి, దిగేలోపే తర్వాతిది పేలిందనుకుందాం. మూడో తూటా మొదటిదానికన్నా నాలుగు డిగ్రీలు పైన ఉంటుంది. 10 మీటర్ల దూరంలో అది 70 సెంటీమీటర్లు, 25 మీటర్లలో 1.75 మీటర్లు. ఛాతీ మీద పెట్టిన గురి తల మీదుగా పోయిందన్నమాట.

మరి పిస్టల్ ఇంత వేగంగా ఎందుకు కాలుస్తుంది? ఎవరూ కోరి పెట్టింది కాదు. తేలికైన స్లైడ్ (కాల్చినప్పుడు వెనక్కి, ముందుకు జారే పై భాగం), నాలుగైదు సెంటీమీటర్ల ప్రయాణం ఉంటే వేగం దానంతటదే వస్తుంది. తన్నును కదిలే భాగాల బరువుతో భాగిస్తే వాటి వేగం వస్తుంది: బరువు తగ్గితే వేగం పెరుగుతుంది, దూరం తగ్గితే సమయం తగ్గుతుంది. ఊజీ కుటుంబం దీనికి చక్కటి ఉదాహరణ. అదే పద్ధతి, అదే తూటా. పెద్దది 600, మినీ 950, మైక్రో 1250. డబ్బా కురచనైన కొద్దీ బోల్ట్ (స్లైడ్ పనే చేసే లోపలి ముక్క) తేలికైంది, దాని దారి తగ్గింది. మైక్రో ఊజీ బోల్ట్‌లో టంగ్‌స్టన్ ముక్క పెట్టి బరువు పెంచారు, అయినా 1250. మైక్రో తూకం 1.5 కిలోలే కాబట్టి మన నిష్పత్తి ఐదు దగ్గరికి చేరుతుంది. గోర్డన్ ఇన్‌గ్రామ్ రూపొందించిన మ్యాక్-10ది 2.8 కిలోల తూకం, వేగం వేయి పైమాటే. బరువు కొంత ఆదుకున్నా వేగం దాన్ని మింగేసింది.

కాబట్టి మంచి రూపకర్త ముందున్న దారులు రెండు. వేగాన్ని 700–850కి దించి, తూటాల మధ్య చేతికి తేరుకునే వ్యవధి ఇవ్వాలి. లేదా మూతి లేవకముందే పని పూర్తయ్యేంత పొట్టి, అతి వేగపు బరస్ట్ (ఒక్క నొక్కుకు రెండు మూడు తూటాలు కాల్చి ఆగడం) పెట్టాలి. ఈ రెంటి మధ్య ఉన్న 1000–1250 జాగా అన్నిటికన్నా చెడ్డది. దురదృష్టమేమిటంటే ఏ ఏర్పాటూ చేయకుండా వదిలేసిన పిస్టల్ సరిగ్గా అక్కడికే చేరుతుంది.

మొదటి దారిలో పేరు పొందింది ఈగర్ స్టెచ్‌కిన్ డిజైన్. 1951లో సోవియట్ సైన్యం తీసుకుంది. లాకింగ్ లేని సాదా బ్లోబ్యాక్ (గొట్టానికి గొళ్లెం పడకుండా, స్లైడ్ బరువే తన్నును కాసుకునే పద్ధతి), 140 మి.మీ. గొట్టం, 20 తూటాల మ్యాగజైన్. స్లైడ్ పొడుగు, బరువు. అక్కడే వేగం కొంత తగ్గింది. మిగతాది పిడిలో ఉన్న బరువు చూసుకుంటుంది. ఆటోలో ఉన్నప్పుడు స్లైడ్ కదలిక ఆ బరువును స్ప్రింగ్‌కు ఎదురుగా కిందికి తోస్తుంది. అది దిగి మళ్లీ పైకి వచ్చేదాకా తూటాను పేల్చే హ్యామర్ పడదు. ఈ చిన్న ఆలస్యం వల్లే 9×18 తూటాతో వేగం 700–750 దగ్గర ఆగింది. ఈ ఏర్పాటులో నాకు నచ్చేది, ఆ ఆలస్యం స్లైడ్ మూసుకున్నాక రావడం. కదిలే పెద్ద బరువేదీ లేని ఆ క్షణంలో పిస్టల్ కుదురుగా ఉంటుంది, చేయి మూతిని కిందికి తెచ్చుకుంటుంది.

స్కార్పియన్‌లో మిరోస్లావ్ రిబార్ ఇదే పనిని ఇంకో చోట చేశాడు. 1961 నాటి ఆ డిజైన్‌లో బోల్ట్ వెనక్కి వెళ్లగానే వెనుక పలక మీదున్న కొక్కెం దాన్ని పట్టేస్తుంది. అదే సమయంలో బోల్ట్ కొట్టిన దెబ్బకు ఒక తేలికైన ప్లంజర్ పిడిలోకి దూసుకెళ్లి, స్ప్రింగ్‌ను నొక్కి, పైకి లేచి, కొక్కేన్ని తట్టి బోల్ట్‌ను వదులుతుంది. ఈ ప్రయాణానికి పట్టే సమయమే అదనపు వ్యవధి. అది లేకపోతే అంత తేలికైన బోల్ట్‌తో వేగం వేయి దగ్గరికి చేరేది. బలహీనమైన తూటా, ఆలస్యం, ట్రిగ్గర్‌కు ముందున్న మ్యాగజైన్ బరువు, మడిచి పైన పెట్టుకునే తీగ స్టాక్: నాలుగూ ఒకే వైపు పనిచేశాయి. దానికి చెల్లించిన ధర తూటా శక్తి, సుమారు 235 జౌళ్లు. 9×19లో అది దానికి రెట్టింపు ఉంటుంది. ట్యాంకు సిబ్బంది, వాహన చోదకులు, దగ్గర దూరాల్లో పనిచేసే దళాలు ఈ బేరానికి ఒప్పుకున్నాయి.

వేగాన్ని అన్నిటికన్నా ఎక్కువగా దించింది స్పెయిన్ వారి ఆస్ట్రా మోడల్ ఎఫ్. మౌజర్ సీ96 నమూనాలో చేసిన ఆ ఆయుధం పిడిలో వేగ నియంత్రకం పెట్టి, 9 మి.మీ. లార్గో తూటాను నిమిషానికి 350 దగ్గరకు తెచ్చారు. చేసినవి వేయి పైచిలుకే, స్పెయిన్ పోలీసు దళం గార్డియా సివిల్ కోసం. దాని బంధువు మౌజర్ ఎం 712 ష్నెల్‌ఫోయర్‌కు అలాంటిదేమీ లేదు, 7.63 మౌజర్ తూటాను 900–1000 వేగంతో కాలుస్తుంది. ఇలాంటి మౌజర్లు, వాటి స్పానిష్ నకళ్లు చైనాకు పెద్ద సంఖ్యలో వెళ్లాయి. అక్కడివాళ్లు దాన్ని అడ్డంగా తిప్పి పట్టుకునేవారని చెబుతారు. అప్పుడు మూతి లేవాల్సిన దిశ పక్కకు మారి, తూటాలు గదిని అడ్డంగా చిమ్ముకుంటూ పోతాయి. తన్నును తగ్గించలేనప్పుడు కనీసం పనికొచ్చే దిక్కుకు మళ్లించారన్నమాట, తెలివైన పనే.

రెండో దారి హెక్లర్ అండ్ కోఖ్ వీపీ 70ది. 1970లో వచ్చింది, పాలిమర్ ఫ్రేమ్ వాడిన తొలి పిస్టల్స్‌లో ఒకటి. 9×19ను లాకింగ్ లేకుండా బ్లోబ్యాక్‌తో నడపడానికి బరువైన స్లైడ్ పెట్టారు, గొట్టంలో గాడులు లోతుగా తీసి వాయువును కొంత జారవిడిచారు. మూడు తూటాల బరస్ట్ వేగం నిమిషానికి 2200. రెండు తూటాల మధ్య 27 మిల్లీసెకన్లు, మూడోది మొదలు నుంచి 54 మిల్లీసెకన్లలో వెళ్లిపోతుంది. బరస్ట్ సెలెక్టర్ స్టాక్ మీదే ఉంది కాబట్టి, స్టాక్ తగిలించకుండా బరస్ట్ రాదు. వాడేవాడి విచక్షణకు వదలకుండా ఇనుముతో నియమం పెట్టారు. అదే ఊహను కంపెనీ తర్వాత జీ11 రైఫిల్‌లో ఇంకా ముందుకు తీసుకెళ్లింది: అందులో మూడో తూటా వెళ్లాకే తన్ను భుజానికి తెలుస్తుంది.

బెరెటా 93ఆర్ ఈ రెంటికీ మధ్య నిలబడింది. 1100 వేగం, మూడు తూటాల దగ్గర ఆగే బరస్ట్, ముందుకు మడత విప్పే చిన్న పిడి, ఎడమ బొటనవేలు దూర్చడానికి పెద్ద ట్రిగ్గర్ గార్డ్, మూతి దగ్గర వాయు రంధ్రాలు, 20 తూటాల మ్యాగజైన్, తగిలించుకునే ఉక్కు స్టాక్. ముందు పిడి పట్టుకున్న చేయి మణికట్టు నుంచి పది సెంటీమీటర్లు ముందుండటం వల్ల మూతిని అణిచే పట్టు దొరుకుతుంది. మూడింట ఆగడం వల్ల నాలుగో తూటా ఇంటి కప్పుకు తగలదు. చెక్ సీజెడ్ 75 ఆటోలో ఇంకో ఉపాయం: అదనపు మ్యాగజైన్‌ను ట్రిగ్గర్ ముందు తలకిందులుగా బిగించి ముందు పిడిగా వాడతారు. చూడ్డానికి వింతగా ఉన్నా లెక్క సరైనదే. తూటాలున్న మ్యాగజైన్ బరువు మూతి వైపు చేరుతుంది, రెండో చేతికి పట్టూ దొరుకుతుంది.

మూతి దగ్గర రంధ్రాలు, అంటే కంపెన్సేటర్ల మీద చాలామందికి అతి నమ్మకం. వాయువు మొత్తం తోపు అర న్యూటన్-సెకను అనుకున్నాం కదా. అందులో ఐదో వంతు పైకి మళ్లిందనుకోండి, 0.1. అది మణికట్టు నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో పనిచేస్తుంది, తిప్పే శక్తి 0.02. బుల్లెట్ తన్ను 3.3ని ఐదు సెంటీమీటర్లతో గుణిస్తే 0.165. అంటే మూతి లేవడంలో ఎనిమిదో వంతు తగ్గింది. ఉపయోగమే, కానీ మంత్రమేమీ కాదు. మందు ఎక్కువుండే రైఫిల్‌లో కంపెన్సేటర్ చేసే పని, 0.4 గ్రాముల మందున్న పిస్టల్‌లో చేయలేదు. వెనక్కి నెట్టే తోపును పైరంధ్రాలు పెద్దగా తగ్గించవు. గ్లాక్ 18సీలో రంధ్రాలు గొట్టం పైభాగంలో ఉంటాయి. చీకట్లో ఆ మంట నేరుగా గురి గీత మీదే వెలుగుతుంది.

స్టాక్ మాత్రం అసలైన విరుగుడు. భుజం మూడో ఆధారంగా చేరగానే మణికట్టు చుట్టూ తిరగాల్సిన ఆయుధం భుజం చుట్టూ తిరగాల్సి వస్తుంది, వెనుక మొండెం బరువు నిలుస్తుంది. కానీ స్టాక్ తగిలించే తీరిక ఉంటే, అంత తీరికున్నవాడికి పొట్టి సబ్‌మెషిన్ గన్ ఎందుకివ్వకూడదన్న ప్రశ్న వస్తుంది. స్టెచ్‌కిన్‌ను దెబ్బతీసింది ఈ ప్రశ్నే. ఆ చెక్క హోల్‌స్టర్‌ను రోజంతా నడుముకు వేలాడదీసుకోవడం అధికారులకు భారమైంది, 1958లో తయారీ ఆగింది. తర్వాత సైలెన్సర్‌తో, తీగ స్టాక్‌తో 1972లో వచ్చిన ఏపీబీగా ప్రత్యేక దళాల చేతిలో అది రెండో జన్మెత్తింది.

పట్టించుకోని ఇంకో సమస్య మ్యాగజైన్. 33 తూటాల దొంతర సుమారు 400 గ్రాములు. రెండు వరసల మ్యాగజైన్‌లో ఒక్కో తూటాకు దొంతర ఐదు మి.మీ. లేవాలి, స్లైడ్ వెనక ఉన్న పది మిల్లీసెకన్లలో. దానికి సుమారు 40 న్యూటన్ల బలం కావాలి, దొంతర సొంత బరువు దీనికి అదనం. స్ప్రింగ్ అలసిందంటే తూటా లేవకముందే స్లైడ్ దాని మీదుగా పోతుంది. చాంబర్ ఖాళీ, ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంటుంది. లేదా సగం లేచిన తూటాను స్లైడ్ మధ్యలో గుద్ది ఇరికిస్తుంది. ఒక్కొక్కటిగా కాల్చినప్పుడు చక్కగా పనిచేసే మ్యాగజైనే ఆటోలో మొరాయిస్తే ముందు స్ప్రింగ్ మార్చండి, తర్వాత మ్యాగజైన్ పెదవులు (తూటాను పట్టి ఉంచే పై అంచులు) వంగాయేమో చూడండి. ఆలస్యం చేసే బరువు తిరిగే పిడి గొట్టంలో మడ్డి, గట్టిపడిన గ్రీజు చేరినా వేగం అటూఇటూ అవుతుంది. స్కార్పియన్ శుభ్రం చేసేటప్పుడు చాలామంది వదిలేసే చోటు అదే. ఇక మ్యాక్-10, ఊజీల్లాంటి తెరిచిన బోల్ట్ ఆయుధాల్లో (కాల్చేముందు బోల్ట్ వెనకే నిలిచి ఉండేవి) ట్రిగ్గర్ నొక్కగానే బోల్ట్ ముందుకు దూకి ఆయుధాన్ని కదిలిస్తుంది. మొదటి తూటా కూడా మీరు గురిపెట్టిన చోటికి పోదు.

అధికారికంగా ఈ ఆయుధం చేతికొచ్చేవారికి పట్టు గురించి నాలుగు మాటలు. పిడిని ఎంత పైకి పట్టుకోగలిగితే అంత పైకి, గొట్టానికీ చేతికీ మధ్య ఎత్తు తగ్గేలా. ఒళ్లు ముందుకు వాలి, బరువు ముందు కాలి మీద. గురి నడుము దగ్గర మొదలుపెట్టాలి, లేచేది ఛాతీకి చేరుతుంది. మణికట్టు బిగుసుకుని ఉంటే తన్ను మోచేతికి, భుజానికి పాకుతుంది. వదులైతే పిస్టల్ ఒక్కటే ఎగురుతుంది, స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లక ఇరుక్కుంటుంది కూడా. సాధనలో మొదట మ్యాగజైన్‌లో రెండే తూటాలు, కుదిరాక మూడు, తర్వాత ఐదు. వేలు చెప్పినట్టు వినేదాకా నిండు మ్యాగజైన్ ముట్టొద్దు.

ఆ రెండు తూటాల నియమం చాదస్తం కాదు. 2008లో అమెరికాలో, మసాచుసెట్స్‌లోని వెస్ట్‌ఫీల్డ్‌లో ఆయుధాల మేళాలో ఎనిమిదేళ్ల బాబు మైక్రో ఊజీ కాలుస్తుండగా మూతి లేచి వెనక్కి తిరిగి తూటా అతని తలకే తగిలింది. 2014లో ఆరిజోనాలో తొమ్మిదేళ్ల పాప చేతిలో ఊజీ అదుపు తప్పి పక్కనున్న శిక్షకుడు చనిపోయాడు. పెద్ద ఊజీ నిష్పత్తి ఒకటే అని పైన రాశాను. ఆ లెక్క పెద్దవాళ్ల ఒంటి బరువుకు, భుజానికి ఆనిన స్టాక్‌కు. చిన్నపిల్లల చేతికి ఏ నిష్పత్తీ సరిపోదు.

మన దగ్గర ఇవి పౌరుల చేతికి వచ్చేవి కావు. ట్రిగ్గర్ నొక్కి ఉంచినంతసేపూ కాల్చే ఆయుధాలను 1959 ఆయుధాల చట్టం నిషిద్ధ ఆయుధాలుగా నిర్వచిస్తుంది. మామూలు పిస్టల్‌ను ఆటోకు మార్చడం గురించి అడిగేవారికి నా దగ్గర జవాబు లేదు, ఉండదు.

చివరిగా, ఈ జాతి ఎటు వెళ్లిందో. పిస్టల్ ఆకారాన్ని వదిలేసి, పిస్టల్‌కన్నా కొంచెం పెద్దదైన ఆయుధం వైపు వెళ్లింది. ఆస్ట్రియా స్టయర్ టీఎంపీ, దాని హక్కులు కొన్న స్విస్ కంపెనీ మడత స్టాక్‌తో తెచ్చిన ఎంపీ9 అలాంటివే: 1.3–1.4 కిలోలు, లాక్ అయి తిరిగే గొట్టం, వేగం 900. జర్మన్ ఎంపీ7 తూటానే మార్చేసింది. రెండు గ్రాముల 4.6 మి.మీ. బుల్లెట్ కాబట్టి ఒక్కో తన్ను రెండు న్యూటన్-సెకన్లకు అటూఇటూ. మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని మహూ ఇన్‌ఫాంట్రీ స్కూల్, పుణెలోని డీఆర్‌డీఓ ఆయుధ పరిశోధన సంస్థ ఏఆర్‌డీఈ కలిసి 2021లో బయటపెట్టిన అస్మి కూడా ఈ కోవలోదే. పేరు మెషిన్ పిస్టలే అయినా పట్టు, పొడవు సబ్‌మెషిన్ గన్‌వి. పై భాగం విమానాల్లో వాడే అల్యూమినియం, కింది భాగం కార్బన్ ఫైబర్, ట్రిగ్గర్ భాగాలు లోహపు త్రీడీ ప్రింటింగ్‌తో చేశారు. 2024లో సైన్యం నార్తర్న్ కమాండ్ 550 అస్మిలకు ఇచ్చిన 4.26 కోట్ల రూపాయల ఆర్డర్ హైదరాబాద్‌లోని లోకేశ్ మెషీన్స్‌కు దక్కింది.